సగం ఫీజు మాఫీ ఉత్తరం వచ్చాక: చెన్నైలో సర్కారు సీటా, ప్రైవేటు స్కాలర్‌షిప్పా?

ప్లస్ టూ చదివే పిల్లలున్న ఇళ్లకు చెన్నైలో ఫిబ్రవరి నుంచే ఫోన్లు మొదలవుతాయి. "మీ అబ్బాయికి యాభై శాతం మెరిట్ స్కాలర్‌షిప్ వచ్చిందండీ, శుక్రవారంలోగా అడ్వాన్సు కడితే సీటు ఖాయం" అంటారు. తమిళనాడు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో సీటు సంగతి తేలేది మాత్రం జూలైలోనో, ఆ తర్వాతో. చాలా ఇళ్లలో ఏ కాలేజీ అన్నది ఈ అయిదు నెలల తేడాయే తేల్చేస్తుంది. నిర్ణయం తామే తీసుకున్నామని అమ్మానాన్నలు అనుకుంటారు.

స్కాలర్‌షిప్ మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. నాలుగేళ్లకు జేబులోంచి పోయేది ఎంత, ఆ మాఫీ నాలుగేళ్లూ నిలుస్తుందా, సర్కారు సీటు తేలేదాకా ఆగే వీలుందా? ఈ మూడూ కాగితం మీద పెట్టుకున్నాక ఏది ఎంచుకున్నా ఫరవాలేదు. కింద చెప్పేదంతా ఎక్కువగా ఇంజనీరింగ్ గురించి. బీఎస్సీ వాళ్లకు ఒక మాట మధ్యలో ఉంది.

ముందు అర్హత ఉందో లేదో చూసుకోండి

తెలుగు ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే. తమిళనాడు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో, అంటే టీఎన్‌ఈఏలో, 8 నుంచి 12 దాకా అయిదు తరగతులూ తమిళనాడులోనే చదివిన పిల్లలకు నేటివిటీ సర్టిఫికెట్ (ఇక్కడి స్థానికులమని చూపే పత్రం) అడగరు. సొంతూరు నెల్లూరైనా చిత్తూరైనా దరఖాస్తు చేసుకోవచ్చు. కాకపోతే వేరే రాష్ట్రం వాళ్లను ఓపెన్ కాంపిటీషన్‌లోనే లెక్కేస్తారు. ఆంధ్రలో తీసుకున్న బీసీ, ఎస్సీ సర్టిఫికెట్ ఇక్కడి రిజర్వేషన్‌కు పనికిరాదు. తరతరాలుగా ఇక్కడే ఉంటున్న కుటుంబాలైతే తమిళనాడు తహసీల్దారు ఇచ్చిన కమ్యూనిటీ సర్టిఫికెట్ చూపించాలి. ఒకే కులం రెండు రాష్ట్రాల్లో రెండు జాబితాల్లో ఉండొచ్చు కాబట్టి పేరు చూసి ఊహించుకోవద్దు.

ఇప్పుడు అసలు చిక్కు. పెరంబూరులోనో అంబత్తూరులోనో పదో తరగతి దాకా చదివించి, జేఈఈ కోచింగ్ కోసం పిల్లవాణ్ణి విజయవాడ రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్‌లో చేర్పించే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. అలా చేస్తే అయిదేళ్ల లెక్క తెగిపోతుంది. తమిళనాడు నేటివిటీ సర్టిఫికెట్ తెచ్చుకోగలిగిన కుటుంబమైతే ఇబ్బంది లేదు. తెచ్చుకోలేని కుటుంబానికి టీఎన్‌ఈఏ తలుపు మూసుకున్నట్టే. పోనీ ఆంధ్రలో లోకల్ అవుతాడా అంటే, అక్కడ వరసగా నాలుగేళ్ల చదువు చూస్తారు, రెండేళ్ల ఇంటర్ చాలదు. రెంటికీ చెడ్డ రేవడి అవడమంటే ఇదే. ఈ లెక్క పదో తరగతిలో ఉండగానే వేసుకోవాలి, ఇంటర్ అయ్యాక వేసుకుని లాభం లేదు.

అర్హత ఉందనుకుంటే కటాఫ్ అంచనా వేయండి. మ్యాథ్స్ 100కి, ఫిజిక్స్ 50కి, కెమిస్ట్రీ 50కి కుదించి, మొత్తం 200కి లెక్కిస్తారు. మ్యాథ్స్ 98, ఫిజిక్స్ 92, కెమిస్ట్రీ 95 వస్తే 98 + 46 + 47.5, అంటే 191.5. స్కాలర్‌షిప్ ఉత్తరం వచ్చేసరికి ఫైనల్ మార్కులు ఉండవు. ప్రీ బోర్డు మార్కులు పెట్టి ఓ నాలుగైదు మార్కులు అటూఇటూగా ఒక శ్రేణి రాసుకోండి. తర్వాత కిందటేడాది కాలేజీల వారీ, బ్రాంచీల వారీ కటాఫ్ జాబితాలో ఆ శ్రేణికి ఏమేం అందుతాయో గుర్తు పెట్టుకోండి. ఈ పనికి ఒక ఆదివారం సాయంత్రం చాలు. ఇది చేయకుండా అడ్వాన్సు కట్టేవాళ్లే ఎక్కువ.

జాబితా చూసేటప్పుడు ఒక తికమక వస్తుంది. "అన్నా యూనివర్సిటీ కాలేజీయేనండీ" అని ఏజెంటు చెప్పేది చాలాసార్లు అనుబంధ ప్రైవేటు కాలేజీ గురించి. డిగ్రీ అన్నా యూనివర్సిటీదే, ఫీజు మాత్రం కాలేజీది. యూనివర్సిటీ సొంత క్యాంపస్‌లు వేరు: గిండీలోని సీఈజీ కోడ్ 1, ఏసీ టెక్ కోడ్ 2, క్రోంపేటలోని ఎంఐటీ కోడ్ 4. ఆ క్యాంపస్‌లలో కూడా బ్రాంచి పేరు పక్కన ఎస్‌ఎస్ అని ఉంటే అది సెల్ఫ్ సపోర్టింగ్ కోర్సు. దాని ఫీజు మామూలు బ్రాంచి ఫీజుకంటే ఎక్కువ. సీటు సర్కారుదే కదా అని ఫీజు చూడకుండా ఆప్షన్ పెట్టేస్తే తర్వాత నాలిక కరుచుకోవాలి.

ఉత్తరంలో ఏముందో చదవడం

స్కాలర్‌షిప్ ఉత్తరంలో పెద్ద అక్షరాల్లో ఉండేది శాతం. మీరు చదవాల్సింది చిన్న అక్షరాల్లో ఉంటుంది. మచ్చుకి ఒక వాక్యం: "కనీస సీజీపీఏ కొనసాగిస్తూ, ఏ సబ్జెక్టులోనూ అరియర్ లేకుండా, యాజమాన్య నిర్ణయానికి లోబడి ట్యూషన్ ఫీజులో 50 శాతం మినహాయింపు." ఒక్క వాక్యంలో నాలుగు ముళ్లున్నాయి.

మొదటిది ట్యూషన్ ఫీజు. మాఫీ దాని మీదే. డెవలప్‌మెంట్ ఫీజు, ల్యాబు, పరీక్ష ఫీజు, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్, బస్సు, హాస్టలు అన్నీ పూర్తిగా కట్టాల్సినవే. రెండోది సీజీపీఏ, అంటే సెమిస్టర్లన్నిటి సగటు గ్రేడు. ఎంత కావాలో అంకె రాసి ఉండాలి. రిలేటివ్ గ్రేడింగ్ (తోటి పిల్లల మార్కులతో పోల్చి గ్రేడు ఇచ్చే పద్ధతి) ఉన్న చోట స్కాలర్‌షిప్ వచ్చిన పిల్లలందరూ ఒకరితో ఒకరు పోటీ పడతారు కాబట్టి, మచ్చుకి 8.5 అడిగితే అది వినడానికి ఉన్నంత తేలిక కాదు. మూడోది అరియర్. ఆంధ్రలో బ్యాక్‌లాగ్ అనేదాన్నే ఇక్కడ అరియర్ అంటారు. తర్వాత పాసైతే మాఫీ తిరిగొస్తుందా, పోయింది పోయినట్టేనా అని అడగండి. నాలుగోది "యాజమాన్య నిర్ణయానికి లోబడి". ఆ మాట ఉన్నచోట మిగతా మూడూ నిలబెట్టుకున్నా పూచీ లేదు.

ఇంకో రెండు ప్రశ్నలు ఉత్తరంలో ఉండవు, ఈమెయిల్లో అడగాలి. ఏటా ట్యూషన్ ఫీజు పెంచుతారా, పెంచితే మాఫీ పెరిగిన ఫీజు మీదా, మొదటేడాది ఫీజు మీదా? బ్రాంచి మారితే మాఫీ వెంట వస్తుందా? ఫోన్లో వచ్చిన జవాబుకు విలువ లేదు. "మీరు ఫోన్లో చెప్పినట్టుగా" అని మొదలుపెట్టి మీరే ఈమెయిల్ రాసి, అవునని తిరుగు జవాబు తెప్పించుకోండి. జవాబు రాకపోతే అదే జవాబు అనుకోవచ్చు.

నాలుగేళ్ల లెక్క

అంకెలు మచ్చుకి వేసినవి. మీ ఉత్తరంలోవి పెట్టి ఇదే లెక్క చేయండి. ఓఎంఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్డు) అవతలి ప్రైవేటు యూనివర్సిటీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 2,40,000, ఇతర ఫీజులు 45,000, కాలేజీ బస్సు 50,000 అనుకుందాం. మొత్తం 3,35,000. సగం మాఫీ అనగానే ఇంట్లో 1,67,500 అని మనసులో వేసేసుకుంటారు. నిజంగా కట్టేది 1,20,000 + 45,000 + 50,000, అంటే 2,15,000. మొదటేడాదే 47,500 తేడా.

మాఫీ నాలుగేళ్లూ నిలిస్తే 8,60,000. రెండేళ్ల తర్వాత పోతే 11,00,000. మొదటేడాదే పోతే 12,20,000. మీ ఇంటి బడ్జెట్ వేయాల్సింది మధ్య అంకె మీద. మొదటి అంకె మీద వేసుకున్న ఇంట్లో మూడో ఏడాది బంగారం బ్యాంకుకు వెళ్తుంది, సీటు వదులుకునే వీలు అప్పటికి ఉండదు.

అదే పిల్లవాడికి సర్కారు క్యాంపస్‌లో ఏడాదికి అన్ని ఫీజులూ కలిపి 60,000, లోకల్ రైలు సీజన్ టికెట్టూ చిల్లర ఖర్చులూ 12,000 అయ్యాయనుకోండి. నాలుగేళ్లకు 2,88,000. హాస్టలుకు ఏడాదికి 70,000 కలిపినా 5,68,000. అంటే స్కాలర్‌షిప్ పూర్తిగా నిలిచిన ప్రైవేటు సీటు కంటే, స్కాలర్‌షిప్ ఏమీ లేని సర్కారు సీటు హాస్టలుతో సహా దాదాపు మూడు లక్షలు తక్కువ. సర్కారు యూనివర్సిటీలో మెరిట్‌కి ఇచ్చే బహుమతి ఉత్తరం రూపంలో రాదు, తక్కువ ఫీజు రూపంలోనే ఉంటుంది. పెళ్లిళ్లలో "మావాడికి స్కాలర్‌షిప్ వచ్చింది" అని చెప్పుకోవడానికి మాత్రం అది పనికిరాదు!

ప్రయాణాన్ని లెక్కలోంచి వదలొద్దు. క్రోంపేట తాంబరం లైన్లోనే ఉంది. కొళత్తూరు, విల్లివాక్కం వైపు నుంచి గిండీ దాకా రోజూ వెళ్లిరావచ్చు. గుమ్మిడిపూండి లైన్లో ఉండేవాళ్లు మధ్యలో రైలు మారాలి, రోజుకు నాలుగు గంటలు పోతాయనుకుంటే హాస్టలు ఖర్చు ముందే వేసుకోండి.

మూడో దారి కూడా ఉంది, చాలామంది చూడరు. టీఎన్‌ఈఏ ద్వారా అనుబంధ ప్రైవేటు కాలేజీలో వచ్చే ప్రభుత్వ కోటా సీటుకు ఫీజు కమిటీ నిర్ణయించిన ఫీజే ఉంటుంది. సొంతంగా డిగ్రీ ఇచ్చే డీమ్డ్ యూనివర్సిటీలు ఈ కౌన్సెలింగ్‌లో ఉండవు. మైనారిటీ హోదా లేని కాలేజీలు 65 శాతం సీట్లు, మైనారిటీ కాలేజీలు 50 శాతం సీట్లు కౌన్సెలింగ్‌కు ఇస్తాయి. తెలుగు భాషా మైనారిటీ హోదా ఉన్న కాలేజీలు చెన్నై చుట్టుపక్కల ఉన్నాయి, మిగతా సీట్లలో తెలుగు పిల్లలకు అక్కడ చోటుంటుంది. డీమ్డ్‌లో "సగం ఫీజు" కన్నా మంచి అనుబంధ కాలేజీలో కోటా సీటు చవకగా పడే సందర్భాలు చాలా ఉంటాయి.

బ్రాంచి బేరం

అసలు గొడవ ఇంట్లో ఇక్కడ మొదలవుతుంది. గిండీలో సివిల్ వచ్చేలా ఉంది, ప్రైవేటులో కంప్యూటర్ సైన్సు సగం ఫీజుకి ఇస్తామంటున్నారు. మా అభిప్రాయం సూటిగా చెప్తాం: పిల్లకు ఆ బ్రాంచి అంటే అసలే పడకపోతే సర్కారు క్యాంపస్ పేరు కోసం తోయొద్దు. పడదని కాదు, పక్కింటివాళ్లందరూ కంప్యూటర్సే అంటున్నారు కాబట్టి అనుకుంటే మాత్రం, పైన వేసిన తేడాని మళ్లీ చూడండి. ఆ డబ్బు పీజీకి మిగులుతుంది.

కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు నిజంగా కావాల్సిన వరసలోనే పెట్టండి. కేటాయింపు వచ్చాక, ఆ సీటు ఉంచుకుంటూనే పై ఆప్షన్ కోసం ఎదురుచూసే వీలుంది, దాన్ని యాక్సెప్ట్ అండ్ అప్‌వర్డ్ అంటారు. పై సీటు వస్తే కింది సీటు దానంతటదే పోతుంది. మళ్లీ వెనక్కి ఇమ్మంటే ఇవ్వరు. గడువులో కన్ఫర్మ్ చేయకపోతే రెండూ పోతాయి.

సర్కారు సీటు మీద వచ్చే డబ్బు

కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్‌కు తమ బోర్డులో 80వ పర్సంటైల్ పైన ఉండాలి, కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు దాటకూడదు. డిగ్రీ మొదటి మూడేళ్లు ఏటా 12,000, బీటెక్ నాలుగో ఏడాది 20,000. మొత్తం 56,000. పై లెక్కలో 2,88,000 కాస్తా 2,32,000 అవుతుంది. కొనసాగాలంటే ఏటా 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు చాలు. ప్రైవేటు ఉత్తరం అడిగే 8.5 లాంటి సీజీపీఏతో పోల్చి చూడండి. అమ్మాయిలకు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) ప్రగతి స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 50,000 వస్తుంది. ఆదాయం 8 లక్షల లోపు, ఇంటికి ఇద్దరు ఆడపిల్లల దాకా, ఏఐసీటీఈ ఆమోదం ఉన్న సంస్థలో మొదటేడాది చేరినప్పుడు పెట్టుకోవాలి. అర్హత ఉండీ వదిలేసే ఇళ్లు చాలా ఉన్నాయి.

ఒకటి తీసుకుంటే ఇంకోటి రాదన్న నియమం మరిచిపోవద్దు. రాష్ట్రం ఇచ్చే ఫీజు మాఫీ పొందేవాళ్లకు సెంట్రల్ సెక్టార్ ఇవ్వరు. ఇంట్లో తనకు ముందు పట్టభద్రులు లేని తమిళనాడు పిల్లలకు కౌన్సెలింగ్‌లో ఫస్ట్ గ్రాడ్యుయేట్ ఫీజు రాయితీ ఉంటుంది, దానికి ఈ-సేవై కేంద్రంలో సర్టిఫికెట్, దాంతోపాటు తల్లిదండ్రీ పిల్లా కలిసి ఇచ్చే డిక్లరేషన్ కావాలి. రెంటిలో ఏది ఎక్కువో చూసుకుని ఒకటే పెట్టండి. రెండూ పెడితే వెరిఫికేషన్‌లో రెండూ ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఐఐటీ మద్రాసు లెక్క వేరు. ఏడాదికి 2 లక్షల ట్యూషన్ ఫీజులో, ఆదాయం లక్ష లోపు ఉన్నవాళ్లకు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు పూర్తి మాఫీ. లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఇది మెరిట్‌కి కాదు, ఆదాయానికి ఇచ్చేది. కాబట్టి మార్కులు తగ్గాయని పోదు.

బీఎస్సీ వైపు వెళ్లే పిల్లలు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ షీ స్కాలర్‌షిప్ చూడాలి. బోర్డులో పై 1 శాతంలో ఉండి బేసిక్ సైన్సెస్ చదివితే ఏటా 80,000: చేతికి 60,000, వేసవి ప్రాజెక్టుకు 20,000. ఆదాయ పరిమితి లేదు, ఇంజనీరింగ్‌కు రాదు. ప్రెసిడెన్సీ లాంటి సర్కారు కాలేజీలో బీఎస్సీ చేసేవాళ్లకు ఫీజు పోగా మిగులుతుంది.

లోను తీసుకోవాల్సి వస్తే సర్కారు సీటుకు మరో లాభం. పీఎం విద్యాలక్ష్మిలో ఆదాయం 8 లక్షల లోపున్నవారికి 10 లక్షల లోను దాకా మారటోరియం కాలానికి, అంటే వాయిదాలు మొదలయ్యేదాకా, 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. ఎంపికలో ప్రభుత్వ సంస్థల్లో టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సులు చదివేవాళ్లకు ప్రాధాన్యం. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకునేవాళ్లకు మాత్రం ఈ రాయితీ రాదు.

దరఖాస్తు ఎక్కడ ఆగుతుంది

సెంట్రల్ సెక్టార్, ప్రగతి స్కాలర్‌షిప్పులకు ముందు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చేసి 14 అంకెల నంబరు తీసుకోవాలి. మనవాళ్ల దరఖాస్తులు ఎక్కువగా ఆగేది పేరు దగ్గర. చెన్నై స్కూళ్లలో పేరుకు ఒక ఇనీషియల్ పెట్టి వదిలేస్తారు. ఆధార్‌లో మాత్రం ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, అదీ ముందు. మార్కుల జాబితాలో "కె. సాయిచరణ్", ఆధార్‌లో "కొండపల్లి సాయి చరణ్" అని ఉంటే కంప్యూటర్‌కి ఇద్దరు మనుషులు. మార్కుల జాబితా మార్చడం కష్టం, ఆధార్ మార్చడం తేలిక. కాకపోతే ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు. కాబట్టి మార్కుల జాబితాలో ఎలా ఉందో అక్షరం అక్షరం చూసుకుని, ఫలితాలకు ముందే ఆ పని ముగించండి.

రెండోది బ్యాంకు. ఖాతాకు ఆధార్ ఇచ్చినంత మాత్రాన డబ్బు అందులో పడదు, ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో (ఏ ఆధార్‌కు ఏ ఖాతా అని రాసి ఉండే జాబితాలో) ఆఖరున సీడ్ చేసిన, అంటే జత చేసిన, ఖాతాలోనే పడుతుంది. చిన్నప్పుడు తాతగారు ఊళ్లో తెరిచిన గ్రామీణ బ్యాంకు ఖాతాకి సీడింగ్ ఉంటే డబ్బు అక్కడికెళ్లి కూర్చుంటుంది.

మూడోది కాలేజీ ఎంపిక. జాబితాలో ఒకే పేరుతో యూనివర్సిటీ, దాని క్యాంపస్, అనుబంధ కాలేజీ విడివిడిగా కనిపిస్తాయి. ఏఐఎస్‌హెచ్‌ఈ కోడ్ (ప్రతి సంస్థకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) ఏదో కాలేజీ ఆఫీసులో అడిగి అదే పెట్టండి. తప్పు కోడ్ పెడితే దరఖాస్తు వేరే సంస్థ లాగిన్‌లోకి వెళ్తుంది, అక్కడ దాన్ని ఎవరూ తెరవరు. డిఫెక్ట్ అని వెనక్కి వస్తే గడువులోగా దిద్ది మళ్లీ పంపాలి. వారానికోసారైనా స్టేటస్ చూడండి.

ఆదాయ సర్టిఫికెట్ ఈ-సేవై కేంద్రంలో ముందు క్యాన్ నంబరు (దరఖాస్తుదారుకిచ్చే గుర్తింపు నంబరు) తీసుకుని పెట్టాలి. అది వీఏఓ (గ్రామ పాలనాధికారి), రెవెన్యూ ఇన్‌స్పెక్టరు దాటి తహసీల్దారు ఆఫీసుకు వెళ్తుంది. ఊళ్లో కౌలుకిచ్చిన పొలం ఆదాయం కూడా అందులో చూపించాలి. జూన్‌లో ఆ ఆఫీసుల్లో తాకిడి ఎక్కువ, మే మొదట్లోనే పెట్టేయండి.

అడ్వాన్సు కట్టక తప్పకపోతే

సర్కారు సీటు మీద అంత నమ్మకం లేనప్పుడు ప్రైవేటులో ఒక సీటు చేతిలో ఉంచుకోవడం తప్పేం కాదు. ఏట్లో వేసినా ఎంచి వేయమన్నారు కదా, వెనక్కి వచ్చే దారి చూసుకుని కట్టండి. యూజీసీ పరిధిలోని యూనివర్సిటీలకు ఫీజు వాపసు నియమాలున్నాయి. 2024-25కి సెప్టెంబరు 30 లోగా మానుకుంటే పూర్తి ఫీజు, అక్టోబరు 31 దాకా అయితే వెయ్యి రూపాయలు మించకుండా కోసుకుని మిగతాది వెనక్కివ్వాలని చెప్పింది. ఏటా తేదీలు మారతాయి, ఆ ఏడాది సర్క్యులర్ దింపుకుని దగ్గర పెట్టుకోండి. మానుకుంటున్నామన్న విన్నపం ఈమెయిల్లో, తేదీతో పంపాలి. ఇవ్వకపోతే యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

డబ్బు కాలేజీ పేరున్న ఖాతాకే కట్టండి, ఏజెంటు ఖాతాకి కాదు. రసీదులో "అడ్మిషన్ ఫీజు" అని ఉందా, "రిజిస్ట్రేషన్, నాన్ రిఫండబుల్" అని ఉందా చూసుకోండి. టీసీ, మార్కుల జాబితా ఒరిజినల్స్ ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. అయినా "వెరిఫికేషన్‌కి రెండు రోజులు" అని అడుగుతారు. ఎదురుగా చూపించి, జిరాక్సుల మీద సంతకం పెట్టి ఇచ్చి, ఒరిజినల్స్ తెచ్చేసుకోండి. జూలైలో సర్కారు సీటు వచ్చిన రోజు ఆ ఫైలు మీ ఇంట్లోనే ఉండాలి.